నొక్కి తిప్పు

రేపు తొమ్మిదింటికి పరీక్ష.
రెడిచ్‌లో వాన, మామూలే.
రౌండబౌట్ల చుట్టూ బస్సులు తిరుగుతున్నాయి,
నేను మూడో పాఠం చుట్టూ.

వంటగది బల్లంతా కార్డులు.
పసుపువి పదార్థాలు, గులాబీవి తయారీ, నీలివి భద్రత.
నీలివాటి మీద నిన్నటి చారు మరక.

పాలీప్రొపిలీన్: వేలసార్లు మడిచినా విరగదు,
మడత దగ్గర తెల్లబడి ఊరుకుంటుంది.
యాక్రిలిక్: చూడ్డానికి గాజు, గీత పడితే గీతే.
థర్మోసెట్: ఒకసారి బిగిశాక
ఎంత కాచినా మళ్లీ కరగదు.
"మా అత్తగారు," అంది అమ్మ,
షిఫ్టుకి జడ పైకి చుట్టుకుంటూ.

మందు సీసాల మూతలు పోసే మిషన్ దగ్గర
ఆమెకిది ఏడో ఏడు.
ఇంజెక్షన్ మోల్డింగ్ దశలు వివరింపుము, అని నేను పైకి చదివితే
గరిటె పట్టుకునే చెప్పేసింది:
గింజలు పొయ్యి, కాగనీ, కూరు, ఆరనీ, ఊడదియ్యి.
సున్నుండలు చెప్పినట్టు.
నేను రాసుకున్న పేజీన్నర అందులో పట్టేసింది.

ప్లాస్టిక్ గిన్నె బోర్లించి
నడిమధ్య చిన్న మచ్చ చూపించింది.
"ఇది దాని బొడ్డు."
పుస్తకంలో గేట్ మార్క్ అని ఉంది.
ఇక చదువు సాగలేదు.
కుర్చీకి వెతికాను, బకెట్‌కి, రిమోట్ మూతకి,
నా జామెట్రీ బాక్సుకి.
అన్నిటికీ ఉంది.
కెటిల్‌కి మాత్రం ఇంకా దొరకలేదు.

నీలి కార్డు. దుమ్ము, గాలి, ఫ్యాన్లు.
ఇది ఒకప్పుడు సూదుల ఊరు.
మ్యూజియంలో చెప్పారు, మొనలు నూరేవాళ్లు
ఆ దుమ్ము పీల్చి నడివయసు చూడకుండా పోయేవాళ్లట.
దుమ్ము లాగే ఫ్యాన్లు పెడతామంటే వద్దన్నారట,
ప్రాణభయం పోతే కూలీ తగ్గిస్తారని.
ఇది సిలబస్‌లో లేదు.

ఇంకో నీలి కార్డు.
పసిగొంతంత గొట్టం ఒకటి ఉంటుంది.
బొమ్మ ముక్క అందులో పట్టిందా, ఆ బొమ్మ పనికిరాదు.
ఏ గొంతు చూసి కొలిచారో చెప్పరు.
రెండు మార్కులు.

చివరిది, పిల్లలు తెరవలేని మూత.
నొక్కాలి, నొక్కుతూనే తిప్పాలి.
నాలుగేళ్ల పిల్లల ముందు పెడతారట సీసాని, తీసుకోండి చూద్దామని.
తరవాత పెద్దవయసు వాళ్ల ముందు.
వీళ్లు ఓడాలి, వాళ్లు గెలవాలి,
అప్పుడే అది మూత.
ప్రశ్న: ఈ డిజైన్ ఎవరిని వదిలేసింది?
నాలుగు మార్కులు.

తొమ్మిదీ ఇరవైకి అమ్మ కోటు తొడుక్కుంది.
మాటా పలుకూ లేకుండా
మాత్రల సీసా తెచ్చి నా కార్డుల మీద పెట్టింది.
మణికట్టుకి నల్ల పట్టీ.
నొక్కి తిప్పాను. టక్కుమంది.
రెండు మాత్రలు ఆమె చేతిలో వేసి
మూత వెలుతురులోకి పట్టుకున్నాను.
నడిమధ్య ఆవగింజంత బొడ్డు.
"మీదేనా?"
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
దగ్గరగా పెట్టుకు చూసింది, గోటితో అంచు తడిమింది.
"మాది కాదు.
ఇంత గరుగ్గా మేం వదలం."

తలుపు దగ్గర గొడుగు విప్పుతూ అంది,
"కిన్నెరా, మూత ఊరికే పెట్టు, బిగించకు.
పొద్దున నేనొచ్చేసరికి నువ్వుండవుగా."

బిగించలేదు.
నీలి కార్డు వెనక
నాలుగు మార్కుల జవాబు ఒక్క మాటలో రాశాను.
పూర్తి వాక్యాల్లో రాయకపోతే మార్కులు పోతాయి.
కొట్టేసి
మళ్లీ మొదలుపెట్టాను.